ఎంగిలి గాలి

పగలంతా బేకర్స్‌ఫీల్డ్‌లో మందుల షాపు కౌంటరు.
రాత్రి తొమ్మిదికి గరాజ్ షట్టర్ ఎత్తుతాను.
ఎనభై ఏడు నాటి మస్టాంగ్,
బానెట్ కింద ఖాళీ గుంత.
స్టాండు మీద ఇంజను తలకిందులుగా,
పొట్ట విప్పుకుని.

సిలిండర్లు రెఫ్యూహియో కోసి ఇచ్చాడు,
అంగుళంలో వెయ్యో వంతులు ముప్పై, అంతే.
వేలితో తడిమితే గాజు గ్లాసు,
గోటితో తడిమితే సన్నటి అడ్డగీతలు.
"నూనె నిలవాలంటే గీత ఉండాలి" అన్నాడు,
చెయ్యి తుడుచుకుంటూ.

పక్క గరాజ్ లానీ బీరు సీసాతో వస్తాడు.
"ఆ కేటలిటిక్ కన్వర్టర్ కోసి పారెయ్.
ఇరవై గుర్రాలు ఊరికే వస్తాయి.
టెస్టు రోజున మళ్ళీ బిగించుకో, అందరూ చేసేదే."
గుర్రాలట!
ఎన్నో లెక్కపెట్టేవాళ్ళు వీధంతా ఉన్నారు,
లద్దె ఎవరు ఎత్తాలో ఎవరూ అడగరు.

నేనేం పుణ్యాత్మురాలిని కాను.
నాకూ నాలుగొందలు కావాలి.
పచ్చ లైటు పడగానే వీపు సీటుకి అతుక్కోవాలి,
గుండె ఒక అంగుళం వెనక్కి జారాలి.
కానీ మా వీధి చివరి బడిలో
ఆ రోజు గాలి ఎలా ఉందో జెండా ఎగరేసి చెబుతారు.
ఎర్రదైతే పిల్లలు ఆటకి బయటికి రారు.
ఆ సాయంత్రం నా కౌంటరు ముందు పెద్ద వరుస.
ఇన్‌హేలర్ చేతిలో పెట్టి
"ఊపు, పీల్చు, పది లెక్కపెట్టు" అని చెప్పి చెప్పి
నా ఊపిరి కూడా పదికి అలవాటు పడింది.

అందుకే సూపర్‌చార్జరుకి అనుమతి నంబరు చూశాను,
హెడ్డులకు చూశాను, కామ్‌షాఫ్ట్‌కి చూశాను.
నంబరు లేనిది ఎంత మెరిసినా పెట్టెలోంచి తియ్యలేదు.
అయినా తప్పాను.

గ్వెన్ రోలర్ల మీదికి ఎక్కించి
వెనక గొట్టంలో పుల్ల దూర్చింది.
మిగతావన్నీ బుద్ధిగా కూర్చున్నాయి.
నైట్రోజన్ ఆక్సైడ్ ఒక్కటీ కొండెక్కి కూర్చుంది.

నిజానికి నైట్రోజన్ పెద్దమనిషి.
గాలిలో ముప్పాతిక పైగా తనే అయినా
ఎవరి జోలికీ పోదు.
మంటలోకి వెళ్ళి, ఏమీ ఎరగనట్టు బయటికొస్తుంది.
మరీ కాలిస్తేనే
పక్కనున్న ఆక్సిజన్ చెయ్యి పట్టుకుని
గొంతు గీరే గాలై వస్తుంది.
ఎంత నెమ్మదస్తుడికైనా ఒక డిగ్రీ ఉంటుంది.

దానికీ మందుంది.
వదిలిన పొగలో కాస్త
ఇంజనుకే మళ్ళీ పట్టే చిన్న కవాటం.
లానీ దాన్ని మొదటిరోజే చెత్తబుట్టలో వెయ్యమన్నాడు.
ఎంగిలి తగిలితే గరిటె కూడా కడిగే ఇంట్లో పెరిగినదాన్ని,
నాకూ లోపల ఎక్కడో అదే అనిపించింది.
కానీ ఒకసారి కాలినది మళ్ళీ కాలదు.
మంట మధ్య ఊరికే నిలబడి
వేడిని మింగుతుంది.

రాత్రి ఒంటిగంటకి ఇన్‌టేక్ విప్పాను.
కవాటం పనిచేస్తూనే ఉంది.
దాని దారికి అడ్డంగా గాస్కెట్,
రంధ్రం లేని రకం.
బిగించింది నేనే.
ఆ రోజు ఎంత గర్వంగా బిగించానో కూడా గుర్తుంది.
మాత్రలు లెక్కపెట్టే పాత గరిటెతో
దారిలోని మసి గీకుతూ తెల్లారింది.

రెండోసారి గ్వెన్ కాగితం చించి ఇచ్చింది.
ఏమీ అనలేదు, బానెట్ మాత్రం
కాస్త ఆలస్యంగా మూసింది.
డైనో మీద నాలుగొందల పద్దెనిమిది.
"పొరపాటు కొలత" అన్నాడు లానీ, మూడుసార్లు.

ఇవాళ పొద్దున పొగమంచు.
బడి దగ్గర జెండా ఎర్రగానే ఉంది.
లారీలున్నాయి, తగలబెట్టే తోటలున్నాయి,
నా ఒక్క గొట్టానికి రంగు మారుతుందా!
ఆగమన్న బోర్డు దగ్గర పూర్తిగా ఆగాను.
రోడ్డు దాటే పిల్లవాడు ఇంజను విని నవ్వాడు,
ఇంకోసారి అన్నట్టు చెయ్యి తిప్పాడు.
తొక్కలేదు.
పాదం కింద నాలుగొందల పద్దెనిమిది ఊపిరి బిగబట్టి
ఒకటి, రెండు, మూడు...
హైవే ఎక్కే వంపు దాకా.